తోటకు గుర్రం బొమ్మ ఎంపిక: నల్లగొండ దగ్గర ఒక ఇంటి కేస్ స్టడీ

నల్లగొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్ వైపు ఇళ్లకు, ఫామ్‌హౌస్‌లకు తోటలు వేయడం నా పని. చెట్లు, లాన్, నడకదారి, డ్రిప్ లైన్లు అన్నీ మొదటి రోజే కాగితం మీద ఉంటాయి. బొమ్మ మాత్రం ఎక్కడా ఉండదు. గృహప్రవేశం దగ్గర పడ్డాక ఎవరో ఫోన్‌లో ఒక ఫొటో చూపిస్తారు, అది వచ్చి గేటు ముందు నిలబడుతుంది. ఈ కేసులో మొదట అదే జరిగింది, నేనూ అడ్డు చెప్పలేదు. రెండోసారి చేసిన పనిలో నేర్చుకున్నది ఎక్కువ కాబట్టి వివరంగా రాస్తున్నాను. బొమ్మ కొనబోయేవాళ్లకు, తోటలు వేసేవాళ్లకు పనికొస్తుంది.

స్థలం, ఇంటివాళ్లు, అడిగింది

నల్లగొండ నుంచి దేవరకొండ పోయే దారిలో ఊరు దాటాక ఇరవై గుంటల స్థలం. ఎర్ర చెలక నేల, రెండడుగులు తవ్వితే మొరం. గేటు తూర్పుకు. గేటు నుంచి ఇంటి మెట్ల దాకా 70 అడుగుల దారి. దక్షిణం పక్క పాత వేపచెట్టు, దానికి దగ్గర్లో బోరు, పశువులకు కట్టిన పాత నీళ్ల తొట్టి. ఇల్లు కట్టేటప్పుడు ఆ తొట్టిని కూలగొడదామనుకున్నారట, ఎందుకో మిగిలిపోయింది.

ఇంటాయనకు మిర్యాలగూడలో రైస్ మిల్లులో వాటా ఉంది. కష్టపడి పైకొచ్చిన మనిషి. ఆయన కోరిక ఒక్క మాటలో తేలిపోయింది. "తమ్మీ, గేటు తెరవంగనే గుర్రం కనబడాలె. ముందటి కాళ్లు లేపి, నల్లగ మెరుస్తుండాలె." ఎత్తు ఎనిమిది అడుగులు. చుట్టూ లాన్, లాన్ నిండా స్ప్రింక్లర్లు.

ఆయన నాయిన కూడా ఆ ఇంట్లోనే ఉంటాడు. ఎనభై దాటిన మనిషి. ఒకప్పుడు నల్లగొండ బస్టాండు దగ్గర టాంగా తోలినవాడు. ఆ సంగతి నాకు ఆరు నెలల తరవాత తెలిసింది. మొదటి రోజే అడిగి ఉంటే ఒక బొమ్మ ఖర్చు మిగిలేది.

మొదటి గుర్రం ఏమైంది

రెడీమేడ్ ఫైబర్ బొమ్మ కొన్నాం. జనవరిలో వచ్చింది. లోపల బోలు, వెనక కాళ్ల డెక్కల్లో నాలుగు బోల్టులు, కింద చిన్న సిమెంటు దిమ్మె. బిగించిన రోజు బాగానే ఉంది.

ఫిబ్రవరిలో కోతులు మొదలుపెట్టాయి. మన ఊళ్లలో కోతుల సంగతి చెప్పనక్కర్లేదు. ఎత్తైనది ఏది కనిపించినా అక్కడే కూర్చుంటాయి, అక్కడి నుంచే దూకుతాయి. గుర్రం తల ఆ తోటలో వాటికి దొరికిన మంచి గద్దె. మొదట ఎడమ చెవి పోయింది, తరవాత జూలు అంచు లేచింది.

ఏప్రిల్ వచ్చేసరికి నల్ల గుర్రం బూడిద చారల గుర్రమైంది. మా జిల్లా నీళ్లలో ఫ్లోరైడ్ గురించి లోకానికంతా తెలుసు. పటిక, సున్నంతో ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతికి 'నల్లగొండ టెక్నిక్' అనే పేరే ఉంది. బొమ్మకు మాత్రం శత్రువు ఫ్లోరైడ్ కాదు, నీటి కాఠిన్యం. బోరు నీళ్లలో కరిగి ఉండే కాల్షియం, మెగ్నీషియం లవణాలు చుక్క ఆరగానే తెల్లటి పొరగా మిగిలిపోతాయి. కొత్త బకెట్ అంచుకు పట్టే గార ఇదే. స్ప్రింక్లర్ రోజూ పొద్దున గుర్రం కడుపు మీద ఆ నీళ్లు కొట్టింది, ఎండ వాటిని అక్కడే ఆరబెట్టింది. రుద్ది కడిగితే పైనున్న మెరుపు పొర కూడా గీతలు పడింది. దానికి తోడు మా వేసవి ఎండకు ఫైబర్ పైపూత సుద్దలాగా చేతికి అంటుకోవడం మొదలైంది.

జూన్‌లో గాలివాన వచ్చింది. మర్నాడు పొద్దున ఫోన్. పోయి చూస్తే బొమ్మ పడిపోలేదు గానీ రెండు వెనక కాళ్లూ మడమ కీలు దగ్గర చుట్టూతా పగిలి పక్కకు ఒరిగి ఉంది.

ఎందుకు పగిలిందో లెక్క వేస్తే అర్థమవుతుంది. గంటకు సుమారు 108 కిలోమీటర్ల వేగంతో వచ్చే గాలి చదరపు మీటరుకు దాదాపు 55 కిలోల బరువంత ఒత్తిడి పెడుతుంది. ఎనిమిది అడుగుల గుర్రం పక్క నుంచి చూస్తే తక్కువలో తక్కువ చదరపు మీటరున్నర ఉంటుంది. అంటే ఎనభై కిలోల మనిషి ఒకడు ఐదడుగుల ఎత్తున గుర్రాన్ని పక్కకు తోస్తున్నట్టు. ఆ తోపు అంతా కిందికి దిగి వచ్చేది వెనక కాలిలో అన్నింటికన్నా సన్నగా ఉండే చోటికే. లోపల ఇనుము సరిగా లేకపోతే అది నిలవదు.

కాళ్లెత్తిన గుర్రాన్ని నిలబెట్టడం ఎప్పుడూ కష్టమైన పనే. మాడ్రిడ్‌లో 1640లో శిల్పి పియత్రో టాకా పోతపోసిన స్పెయిన్ రాజు నాలుగో ఫిలిప్ విగ్రహంలో గుర్రం వెనక కాళ్ల మీద లేస్తుంది, తోకను కూడా ఆధారంగా వాడుకున్నారు. సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో 1782 నాటి రష్యా చక్రవర్తి పీటర్ విగ్రహంలో గుర్రం డెక్క కింద ఒక పాము ఉంటుంది. చూసేవాళ్లకు అది కథలో భాగం, బరువు మోసే మూడో ఆధారం కూడా అదే. మన శ్రీరంగంలో శేషరాయ మండపం స్తంభాల మీద దూకే గుర్రాలు ఎంత ధీమాగా ఉంటాయో చూసే ఉంటారు. అవి విడిగా నిలబడ్డ బొమ్మలు కావు, వెనక స్తంభం, కింద మనుషులు, జంతువులు కలిసి వాటిని మోస్తున్నాయి. మనం కొన్న బొమ్మకు ఇలాంటి మూడో ఆధారం ఏదీ లేదు. తోక గాల్లో ఊగుతోంది.

పెద్దాయన మాట

పగిలిన గుర్రం ముందు నేనూ ఇంటాయనా నిలబడి ఉన్నాం. ఈసారి ఇంకా గట్టిది, ఇంకా పెద్దది చూద్దామని ఆయన ఫోన్‌లో వేరే గుర్రం బొమ్మల ఫొటోలు వెతుకుతున్నాడు. పెద్దాయన కర్ర పట్టుకుని మెల్లగా వచ్చాడు. ఫోన్ ఒకసారి చూసి అన్నాడు.

"గుర్రం నోరు తెరిచిందంటే కళ్లెం కోస్తున్నట్టు బిడ్డా. చెవులు ఎనకకు పండినయి సూడు. భయపడ్డది. భయపడ్డ గుర్రాన్ని వాకిట్ల ఎట్ల పెట్టుకుంటరు?"

నేను వెంటనే మళ్లీ ఆ ఫొటోలు చూశాను. నిజమే. దాదాపు ప్రతి బొమ్మకూ నోరు తెరుచుకుని ఉంది, కళ్లు బయటికి పొడుచుకొచ్చాయి, చెవులు తలకు అతుక్కుపోయాయి. మనం పౌరుషం అనుకుని కొంటున్న ముఖం గుర్రాలతో బతికినవాడికి నొప్పిగా కనిపిస్తోంది. ఈ పనిలో ఇన్నేళ్లు ఉండి నేను గమనించని విషయం అది.

ఆ సాయంత్రం వేపచెట్టు కింద కూర్చుని ఆయనతో గంటన్నర మాట్లాడాను. "పెద్దయ్యా, మీ గుర్రం ఎప్పుడు అందంగా కనబడేది?" అని అడిగాను. పరిగెత్తేటప్పుడు అంటాడనుకున్నా.

"పొద్దుమీకినంక. జీను ఇప్పి, ఉలువలు పెట్టినంక, ఒక ఎనక కాలు మునివేలి మీద పెట్టి నిలుసుంటది. నిద్రనే. కానీ పండుకోదు. పెదవి జారేసి నిలుసుండే నిద్రపోతది. అప్పుడు సూడాలె."

గుర్రం కాళ్లలో స్నాయువులు, కీళ్లు ఒకదానికొకటి బిగుసుకునే ఏర్పాటు ఉంది, అందుకే కండరాలకు పెద్దగా శ్రమ లేకుండా నిలబడే కునుకు తీయగలదు. మూడు కాళ్ల మీద బరువు వేసి ఒక వెనక కాలికి విశ్రాంతి ఇస్తుంది, కాసేపటికి కాలు మారుస్తుంది. ఇంటాయన దూరం నుంచి ఇదంతా వింటున్నాడు. నాయిన టాంగా గురించి ఆ ఇంట్లో అంతకు ముందు ఎవరూ మాట్లాడేవాళ్లు కాదని తరవాత ఇంటాయన భార్య, వదినమ్మ, చెప్పింది.

అక్కడితో నాకు బొమ్మ భంగిమ దొరికింది. కానీ ఇంటాయనను ఒప్పించాలి. నిద్రపోయే గుర్రం అనగానే ఆయన ముఖం వాడిపోయింది. గేటు ముందు దర్పంగా ఉండాల్సింది కునికిపాట్లు పడుతుంటే ఎట్లా అని.

నేను రెండు మాటలు చెప్పాను. దర్పం రావాలంటే కాలు లేవాల్సిన పని లేదు. మద్రాసులో 1839లో పెట్టిన, ఒకప్పటి గవర్నరు థామస్ మన్రో విగ్రహాన్ని తీసుకోండి. రాయలసీమ జనం పిల్లలకు మన్రోలయ్య, మన్రోలమ్మ అని పేర్లు పెట్టుకున్న ఆ మన్రోదే. గుర్రం నాలుగు కాళ్లూ నేలమీదే ఉన్నాయి, జీనూ రికాబులూ లేవు. అయినా ఆ కూడలికి అదే పెద్ద. రెండో మాట తోట గురించి. గేటు దగ్గర చూసేవాడు పది సెకన్లు చూసి పోతాడు. ఇంటివాళ్లు రోజూ పొద్దున, సాయంత్రం చూస్తారు. పదేళ్లు రోజూ చూడాల్సిన ముఖం భయపడ్డ ముఖం కాకూడదు.

కాలు ఎత్తితే యుద్ధంలో గాయం, రెండు కాళ్లెత్తితే యుద్ధంలో మరణం అనే మాటను కూడా ఆయన ప్రస్తావించాడు. చాలామంది అడుగుతారు. అది శిల్పులు పాటించే నియమం కాదు, దానికి సరిపోని విగ్రహాలు ప్రపంచమంతా ఉన్నాయి.

కొలత: ఫ్లెక్స్ మీద గుర్రం

బొమ్మ సైజు ఫోన్‌లో తెలియదు, షోరూములో అసలే తెలియదు. గోడల మధ్య భారీగా కనిపించింది ఆకాశం కింద చిన్నబోతుంది, కొన్నిసార్లు దీనికి ఉల్టా కూడా జరుగుతుంది. నేను క్లాక్ టవర్ దగ్గర ఫ్లెక్స్ కొట్టేవాళ్ల దగ్గర మూడు గుర్రాల నీడ బొమ్మలు అసలు సైజులో వేయించాను. భుజం ఎత్తు నాలుగు అడుగుల నాలుగు అంగుళాలు, ఐదడుగులు, ఆరడుగులు. ఆకారం వెంట కత్తిరించి వెదురు బొంగుల చట్రానికి కట్టి తోటలో నిలబెట్టాం. ఒక్కోటి రెండు రోజులు ఒక్కో చోట. ఇంతకన్నా చవకైన, నిజం చెప్పే పరీక్ష నాకు తెలియదు.

ఆరడుగులది గేటు ఎదుట పెడితే ఇంటి మెట్లు కనబడకుండా పోయాయి. ఐదడుగులది లాన్ మధ్య ఒంటరిగా, ఎవరో వదిలేసి పోయినట్టు ఉంది. చిన్నది వేపచెట్టు కిందికి, తొట్టి పక్కకు తీసుకుపోగానే వదినమ్మ వంటింటి కిటికీలోంచి "అక్కడ్నే ఉండనీయుండ్రి" అంది. పెద్దాయన దాని పక్కన నిలబడి చేయి ఫ్లెక్స్ మీద పెట్టాడు. అరచేయి సరిగ్గా మెడ, వీపు కలిసే చోట పడింది. "గింతే ఉండె" అన్నాడు.

లెక్క కూడా సరిపోయింది. గుర్రం ఎత్తును మెడ కింద భుజం గూడు దగ్గర కొలుస్తారు, తల దాకా కాదు. కొలత 'హ్యాండ్', అంటే నాలుగు అంగుళాలు. నాలుగు అడుగుల నాలుగు అంగుళాలంటే 13 హ్యాండ్లు. టాంగాలకు కట్టినవి చాలావరకు ఇలాంటి పొట్టి టట్టు గుర్రాలే. కేటలాగులో ఎనిమిది అడుగుల గుర్రాలు చూసి చూసి మన కళ్లు అలవాటు తప్పాయి.

దేనితో చేయాలి

రాయి నాకు ఇష్టం. సాగర్ అవతల పల్నాడులో దుర్గి శిల్పులున్నారు, నంద్యాల జిల్లాలో ఆళ్లగడ్డ ఉంది. రెండింటికీ భౌగోళిక గుర్తింపు దక్కింది. కానీ రాయికి నొక్కుడు తట్టుకునే బలం ఎక్కువ, వంపు తట్టుకునే బలం తక్కువ. పొట్టి గుర్రం శరీరం ఘనపరిమాణం పావు ఘనపు మీటరుకు కాస్త ఎక్కువ అనుకుంటే గ్రానైట్‌లో అది ముప్పావు టన్ను అవుతుంది. ఆ బరువును మూడు సన్నని రాతి కాళ్లు మోయాలి, నాలుగోది ఊరికే ఆని ఉంటుంది. పిల్లలు ఎక్కి ఊగితే కాలు పుటుక్కుమంటుంది. కడుపు కింద రాయి వదిలేసి దిమ్మెలా చెక్కితే నిలుస్తుంది గానీ, కాళ్ల మధ్య గాలి లేకపోతే ఈ భంగిమకు ప్రాణం పోతుంది.

కంచు అన్నింటికన్నా మేలు, ఈ ఇంటి బడ్జెట్‌కు అందదు. కాల్చిన మట్టి గుర్రాలు, తమిళనాడులో అయ్యనార్ గుడి ముందు పెట్టేలాంటివి, చూడ్డానికి ఎంతో బాగుంటాయి గానీ మా కోతుల ముందు ఒక్క సీజన్ కూడా నిలవవు. ఫైబర్ సంగతి చూశాం.

మిగిలింది ఫెర్రోసిమెంట్. లోపల ఇనుప చట్రం, దాని మీద సన్న జాలి పొరలు, ఆ జాలిలోకి దిగేలా మెత్తిన చిక్కటి సిమెంటు. మన గుడి గోపురాల మీద బొమ్మలు చేసే శిల్పుల చేతికి ఈ పని బాగా తెలుసు. ఇనుము వంపును తట్టుకుంటుంది, సిమెంటు నొక్కుడును తట్టుకుంటుంది. పదేళ్ల తరవాత చెవి విరిగినా అదే ఊరి మనిషి వచ్చి అతికిస్తాడు. నా వరకు ఈ చివరి కారణమే అన్నింటికన్నా పెద్దది.

మట్టి నమూనా దగ్గర

పనికి ఒప్పుకున్న శిల్పి దేవుళ్ల బొమ్మలు చేసిన మనిషి, గుర్రాన్ని ఎప్పుడూ వాహనంగానే చేశాడు. వాహనం గుర్రం ఎప్పుడూ ముందుకు ఉరుకుతూనే ఉంటుంది. పని మొదలుపెట్టే ముందు ముగ్గురం కలిసి లాంచీలో నాగార్జునకొండ మ్యూజియానికి పోయి వచ్చాం. సిద్ధార్థుడు ఇల్లు విడిచే ఘట్టాన్ని అమరావతి, నాగార్జునకొండ శిల్పులు పల్నాడు సున్నపురాయి మీద చెక్కారు. అందులో ఆయన గుర్రం కంథకం డెక్కల చప్పుడు ఎవరికీ వినబడకూడదని కింద యక్షులు ఆ కాళ్లను చేతులతో ఎత్తి పట్టుకుంటారు. రాజకుమారుడి గుర్రమే అయినా బొద్దుగా, పొట్టిగా, మెడ కాస్త వంచి, శాంతంగా ఉంటుంది. శిల్పి అక్కడే చాలాసేపు నిలబడిపోయాడు. పెద్దాయన మాత్రం ఒక్క మాటన్నాడు. "నడక తెలిసినోడు చెక్కిండు."

చెరువు మట్టితో అడుగున్నర పొడవు నమూనా తయారైంది. దాని మీద పెద్దాయన చేసిన దిద్దుబాట్లు నా నోట్‌బుక్‌లో నాలుగు పేజీలున్నాయి. ముఖ్యమైనవి చెబుతాను.

మొదటిది తుంటి. శిల్పి ఎడమ వెనక కాలు వంచి మునివేలి మీద పెట్టాడు, కానీ వీపు వెనక భాగాన్ని సమంగా ఉంచాడు. పెద్దాయన బొటనవేలితో ఎడమ తుంటిని కిందికి నొక్కేశాడు. ఏ కాలికి విశ్రాంతి ఇస్తే ఆ పక్క తుంటి దిగుతుంది, బరువు మోసే పక్క పైకి లేస్తుంది. మట్టి అర అంగుళం దిగగానే బొమ్మ నిద్రపోయింది. నిజంగా. అంతవరకు అది కాలు నొప్పితో నిలబడ్డ గుర్రంలా ఉండింది.

రెండోది డెక్క. అది గ్లాసు బోర్లించినట్టు నిట్టనిలువుగా ఉంది. డెక్క ముందు గోడ, దాని పైన ఉండే పొట్టి ఎముక ఒకే వాలులో ఉండాలి, నేలతో దాదాపు 50 డిగ్రీలు. నాడా కొట్టించడానికి పొద్దున్నే వరసలో నిలబడినవాడికి ఆ కోణం కంటితోనే తెలుస్తుంది.

మూడోది విని నేనూ శిల్పీ ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. "ముందు కాలు లోపలి పక్క కాయ ఏది?" అన్నాడు. గుర్రం ముందు కాళ్లకు లోపలి వైపు, మోకాలికి పైన వెంట్రుకలు లేని గట్టి కాయలాంటి మచ్చ ఉంటుంది. వెనక కాళ్లకైతే మడమ కీలుకు కిందుగా. రేగుపండంత మట్టి ముద్ద తీసుకుని ఆయనే అతికించాడు. పూర్తయిన బొమ్మలో అది ఎవరికీ కనబడదు, వంగి చూస్తే తప్ప.

తల పొడవు కూడా సరిచేశాం. భుజం ఎత్తును రెండున్నరతో భాగిస్తే తల పొడవు దాదాపుగా వస్తుంది. ఈ గుర్రానికి అడుగు తొమ్మిది అంగుళాలు. శిల్పి రెండడుగులకు పైగా పెట్టాడు, దేవుడి వాహనానికి తల పెద్దదిగా ఉండటం అలవాటు. చెవులు ముందుకూ కాదు, వెనక్కూ కాదు, పక్కలకు వదిలేసినట్టు. కింది పెదవి కాస్త జారి. మెడ వీపుతో దాదాపు సమంగా. కళ్లెం వద్దు, జీను వద్దు. జీను రాసుకుని వెంట్రుక పోయిన చోటు మాత్రం ఉండాలన్నాడు, భుజం మీద అరచేయంత మేర నున్నగా చేశాం.

కట్టడం

వేసవిలో సిమెంటు పని పెట్టకూడదని అక్టోబరు దాకా ఆగాం. పునాది రెండున్నర అడుగులు తవ్వి మొరం తగిలాక ఆరడుగుల పొడవు, మూడున్నర అడుగుల వెడల్పు ఆర్‌సీసీ పలక వేశాం. బరువు మోసే మూడు కాళ్ల 12 ఎంఎం చువ్వలు ఆ పలకలోంచే లేచాయి. డెక్కకు బోల్టు అనేదే లేదు. మునివేలి కాలికి కూడా ఒక చువ్వ పలకలోకి దింపాం, పిల్లలు దాని మీద నిలబడతారని తెలుసు గనక.

శరీరం చట్రం 8 ఎంఎం, 6 ఎంఎం చువ్వలు, పైన వెల్డ్ మెష్, దాని మీద రెండు వరసలు కోడి జాలి. ఒకటికి రెండు పాళ్లలో సిమెంటు, జల్లించిన ఇసుక, నీళ్లు ఎంత తక్కువైతే అంత. ఇక్కడ ఒక జాగ్రత్త: జాలి ఎక్కడా పైకి తేలకూడదు. తేలిన చోట తడి చేరి తుప్పు పడుతుంది. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బుతుంది, ఉబ్బితే సిమెంటు పెచ్చు లేస్తుంది. ఊళ్ల గోపురాల మీద వేళ్లు ఊడిపోయిన బొమ్మలకు సాధారణంగా ఇదే జబ్బు. చెవుల దగ్గర మందం చాలదని అక్కడ జాలి తీసేసి స్టెయిన్‌లెస్ తీగ వాడాం.

గోనె సంచులు చుట్టి పద్నాలుగు రోజులు తడిపాం. మొత్తం బరువు నా అంచనాలో 400 కిలోల పైమాట.

రంగు వేయలేదు. పెద్దాయన గుర్రం ఎర్రది. పై పొర సిమెంటులోనే ఎర్ర ఐరన్ ఆక్సైడ్ పొడి కలిపాం, సిమెంటు బరువులో ఐదు శాతం. ఈ రంగు ఎండకు వెలవదు. మా చెలక మట్టికి ఎరుపు ఇచ్చేదీ ఇనుప ఆక్సైడే. అందుకే వాన చినికి మట్టి చిందినా డెక్కల మీద మరకలా కనబడదు.

చోటు, నీళ్లు, మొక్కలు

గుర్రం వేపచెట్టు నీడ అంచున, తొట్టికి ఆరడుగుల దూరంలో ఉంది. తల తొట్టి వైపు. గేటులోంచి చూస్తే ముప్పావు వంతు కోణంలో, చెట్ల సందున సగం కనబడుతుంది. దారిలో నడుస్తున్నకొద్దీ మిగతాది బయటపడుతుంది. గుర్రానికి సూటిగా ముందునుంచి చూపు పడకూడదు, ముందునుంచి అది ఒక సన్నని కర్రలా కనబడుతుంది. పక్కనుంచి, కాస్త ముందుకు జరిగి చూస్తేనే మెడ, తుంటి రెండూ తెలుస్తాయి.

వాస్తు పంతులును ఇంటాయన అడిగాడు. తల తూర్పుకో ఉత్తరానికో ఉంటే చాలన్నాడు. తొట్టి తూర్పు వైపే ఉంది కాబట్టి ఏమీ మార్చాల్సిన పని పడలేదు.

చుట్టూ ఎనిమిది అడుగుల మేర లాన్ తీసేశాం, ఆ వలయంలో స్ప్రింక్లర్ లేదు. నేల మీద మొరం పరిచి తొట్టి వైపు గరిక, నిమ్మగడ్డి డ్రిప్ మీద పెట్టాం. గుర్రం కాళ్లను మొక్కలతో కప్పకూడదు. కాళ్లు నేలను తాకే చోటు కనబడితేనే బరువు తెలుస్తుంది. దిమ్మె కూడా లేదు. పలక నేలకు నాలుగు అంగుళాల కింద ఉండిపోయింది, పైన మొరం. ఇంటాయన దిమ్మె కోసం గట్టిగానే పట్టుబట్టాడు. ఫ్లెక్స్ గుర్రాన్ని రెండడుగుల ఇటుకల మీద ఎక్కించి చూపించాను. ఒక నిమిషం చూసి తనే దింపమన్నాడు.

లైటు ఒక్కటే, వేప కొమ్మ మీద, పసుపు వెలుగు, కిందికి. కింది నుంచి కొట్టే లైటు జంతువు ముఖాన్ని భయంకరంగా చేస్తుంది.

రెండు వానాకాలాల తరవాత

మొన్న ఆగస్టులో పోయి కొలతలు, ఫొటోలు తీసుకున్నాను. కాళ్ల దగ్గర పగుళ్లు లేవు. తోక మొదట్లో వెంట్రుక మందం గీత ఒకటి, రెండు అంగుళాల పొడవు. తోకలో జాలిని శరీరం జాలితో కలిపి కుట్టాల్సింది, మేము అక్కడ విడిగా కట్టాం. అది నా పర్యవేక్షణ లోపం. గీతను వెడల్పు చేసి సిమెంటు, పాలిమర్ కలిపి నింపించాను. నీళ్లు పీల్చకుండా పూసిన సీలర్ వీపు మీద పనిచేస్తోంది, చుక్కలు ముత్యాల్లా నిలుస్తున్నాయి. కడుపు కింద పలచబడింది, వచ్చే మార్చిలో మళ్లీ పూయాలి.

కోతులు వస్తూనే ఉన్నాయి. వీపు మీద కూర్చుని వేపపండ్లు తింటున్నాయి. చెవులు రెండూ ఉన్నాయి.

మనవలు ఎక్కే చోట ఎడమ భుజం నున్నబడింది. పెద్దాయన సాయంత్రం కుర్చీ తొట్టి పక్కకు వేయించుకుంటున్నాడు. ఈసారి నేను పోయేసరికి ఇంటాయన అక్కడే నేలమీద కూర్చుని, బస్టాండు నుంచి సవారీకి అప్పట్లో ఎంత తీసుకునేవాళ్లని నాయినను అడుగుతున్నాడు. గుర్రం ముందు తొట్టిలో నీళ్లు నిండుగా ఉన్నాయి. ఎవరు నింపుతున్నారని అడిగితే వదినమ్మ తనేనంది.